లోహ నానోకణాల తయారీ: అవే కొలతలతో చేసినా ఫలితం ఎందుకు మారుతుంది?

మీ ప్రశ్నలో మూడు ప్రధాన విషయాలు ఉన్నాయి. మరుగుతున్న క్లోరోఆరిక్ ఆమ్ల (బంగారం ఉన్న ఆమ్లం) ద్రావణంలో సోడియం సిట్రేట్ కలిపినప్పుడు మొదటిసారి కెంపురంగు వచ్చింది, అవే కొలతలతో మళ్లీ చేసినప్పుడు నీలం కలిసిన ఊదా రంగు వచ్చింది. సిల్వర్ నైట్రేట్‌ను సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరించినప్పుడు, అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చి వెండి లోహంగా మార్చినప్పుడు, చక్కటి పసుపు రంగు వచ్చినా, గంట తిరగకముందే అది బూడిదరంగులోకి మారింది. ఇక కణాల పరిమాణం విషయంలో కాంతి పరిక్షేపణ యంత్రం, అంటే డీఎల్ఎస్, ఒక అంకె చెబుతుంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దానికంటే బాగా చిన్న అంకె చెబుతోంది. మీరు రాసిన గాఢతలు, ఘనపరిమాణాలు సరైనవే కాబట్టి తప్పు తూకంలో ఉందని నేను అనుకోవడం లేదు. పద్ధతి రాసిన కాగితంలో సాధారణంగా చోటు దొరకని విషయాలలోనే, అంటే గాజుసామాను శుభ్రత, కలిపే వరస, కలిసే వేగం, రసాయనాల వయసులోనే తేడా ఉంటుంది. అవి ఇంత ప్రభావం ఎందుకు చూపుతాయో తెలియాలంటే ఫ్లాస్కులో జరిగేదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

ద్రావణంలోని లోహ అయానుకు ఎలక్ట్రాన్లు అందగానే అది తటస్థ పరమాణువుగా మారుతుంది. లోహ పరమాణువులు నీటిలో కరిగి ఉండలేవు కాబట్టి వాటి గాఢత ఒక హద్దు దాటిన క్షణంలో చిన్న చిన్న గుంపులుగా కూడతాయి. అయితే మరీ చిన్న గుంపుకు ఉపరితల శక్తి భారం ఎక్కువ కావడం వల్ల అది తిరిగి విడిపోతుంది. ఒక సందిగ్ధ పరిమాణాన్ని దాటిన గుంపు మాత్రమే నిలిచి బీజం అవుతుంది. బీజాలు పుట్టగానే కొత్తగా వచ్చే పరమాణువులు వాటి మీదే చేరడం మొదలుపెడతాయి, దానితో ద్రావణంలోని గాఢత పడిపోయి కొత్త బీజాలు పుట్టడం ఆగిపోతుంది. 1950లో లామర్, డైనెగర్ గంధకపు కొల్లాయిడ్ల (ద్రవంలో తేలాడే అతి సూక్ష్మ రేణువుల) మీద ప్రతిపాదించిన ఈ చిత్రాన్నే ఇప్పటికీ పాఠ్యపుస్తకాలు లోహాలకూ వర్తింపజేస్తాయి. సిట్రేట్ బంగారం విషయంలో అసలు కథ ఇంత శుభ్రంగా ఉండదని తరవాతి ఎక్స్‌-రే పరిక్షేపణ ప్రయోగాలు చూపించాయి. అక్కడ తొలిగా పుట్టిన అతి చిన్న గుంపులు ఒకదానితో ఒకటి కలిసిపోయి స్థిరమైన బీజాలుగా మారతాయి, మిగిలిన బంగారం అంతా నిదానంగా వాటి ఉపరితలం మీద చేరుతుంది. అయినా ముఖ్యమైన సంగతి రెండు చిత్రాలలోనూ ఒక్కటే. ఫ్లాస్కులోని లోహం మొత్తం ఎంతో ముందే నిర్ణయమై ఉంది, కాబట్టి చివరి పరిమాణాన్ని తేల్చేది మొదటి కొద్ది సెకన్లలోనో నిమిషాలలోనో నిలిచిన బీజాల సంఖ్య మాత్రమే.

ఈ మాటను అంకెలలో చూస్తే దాని బరువు తెలుస్తుంది. 13 నానోమీటర్ల వ్యాసం ఉన్న ఒక బంగారు గోళంలో దాదాపు 68,000 పరమాణువులు ఉంటాయి. వ్యాసం రెట్టింపు కావాలంటే పరమాణువులు 8 రెట్లు కావాలి, అంటే బీజాల సంఖ్య 8వ వంతుకు తగ్గాలి. సిట్రేట్ పద్ధతిని 1951లో జాన్ టర్కెవిచ్ బృందం వివరంగా పరిశీలించింది, 1973లో ఫ్రెన్స్ దానినే పరిమాణాన్ని మార్చే సాధనంగా మలిచాడు. 50 మిల్లీలీటర్ల 0.01 శాతం క్లోరోఆరిక్ ఆమ్లానికి 1 శాతం సిట్రేట్‌ను 1 మిల్లీలీటరు కలిపితే సుమారు 16 నానోమీటర్ల కణాలు, అర మిల్లీలీటరు కలిపితే సుమారు 41 నానోమీటర్ల కణాలు, 0.16 మిల్లీలీటర్లు మాత్రమే కలిపితే 147 నానోమీటర్ల దాకా పెరిగిన కణాలు వచ్చినట్లు ఆయన చూపాడు. మొదటి రెండింటినీ పోల్చండి: సిట్రేట్ సగమయింది, కానీ కణాల సంఖ్య దాదాపు 17వ వంతుకు పడిపోయింది. చిన్న మార్పుకు ఇంత పెద్దగా స్పందించే చర్యలో, మనం లెక్కలోకి తీసుకోని మరో చిన్న మార్పు కూడా అంతే పెద్దగా స్పందన తెస్తుంది. మీకు ఎదురైంది ఇదే.

సిట్రేట్ ఇక్కడ ఒకేసారి మూడు పనులు చేస్తుందని గుర్తుంచుకోవాలి. అది ఎలక్ట్రాన్లు ఇచ్చే క్షయకరణి, కణం ఉపరితలానికి అంటుకుని రుణావేశం ఇచ్చే పూత, ద్రావణపు పీహెచ్‌ను పైకి జరిపే క్షారం కూడా. మూడో పనిని చాలామంది పట్టించుకోరు. ఆమ్ల ద్రావణంలో బంగారు అయాను చుట్టూ నాలుగు క్లోరైడ్‌లు ఉంటాయి, ఆ రూపం చురుకుగా చర్యలో పాల్గొంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ క్లోరైడ్‌ల స్థానంలో హైడ్రాక్సైడ్‌లు చేరి ఆ అయాను మందగిస్తుంది. కాబట్టి సిట్రేట్ పాళ్లు మారినప్పుడు క్షయకరణి మొత్తం మాత్రమే కాదు, బంగారం చర్య జరిపే వేగమూ మారుతోంది. ఒక హద్దు దాటాక సిట్రేట్‌ను ఎంత పెంచినా కణాలు ఇంకా చిన్నవి కాకపోవడానికి ఇది ఒక కారణం. మీ స్టాక్ ద్రావణం, అంటే ముందే కలిపి దాచుకున్న సిట్రేట్ ద్రావణం, పాతదై దానిలో బూజు పెరిగితే (సిట్రేట్ ద్రావణంలో బూజు పెరగడం చాలా మామూలు విషయం) సిట్రేట్ గాఢత, పీహెచ్ రెండూ తెలియకుండానే మారిపోతాయి. సిట్రేట్‌ను ఏ రోజుకారోజు తూచి కరిగించుకోవడం ఉత్తమం, దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇప్పుడు పద్ధతికి వస్తాను. 13 నానోమీటర్ల కణాలకు ప్రయోగశాలల్లో విస్తృతంగా వాడేది 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు, 38.8 మిల్లీమోలార్ ట్రైసోడియం సిట్రేట్ 10 మిల్లీలీటర్లు. బంగారు ద్రావణాన్ని కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి తిరిగి ఫ్లాస్కులోకే దించే గొట్టం) తగిలించిన గుండ్రటి అడుగు ఫ్లాస్కులో, గట్టిగా కలుపుతూ, ఉపరితలం అంతా బాగా తెర్లేదాకా మరిగించాలి. కండెన్సర్ లేకుండా తెరిచిన బీకరులో మరిగిస్తే ప్రతిసారీ వేరువేరు మోతాదులో నీరు ఆవిరవుతుంది, మీరు అనుకున్న గాఢత ఇక ఉండదు. సిట్రేట్‌ను బొట్లు బొట్లుగా కాదు, ఒక్క ఊపున పోయాలి. బొట్లుగా పోస్తే తొలి బొట్టుతో పుట్టిన బీజాలు పెరుగుతుండగానే తరవాతి బొట్లతో కొత్త బీజాలు పుడతాయి, చివరికి ఒకే ఫ్లాస్కులో నాలుగైదు వయసుల కణాలు మిగులుతాయి. సిట్రేట్ ద్రావణాన్ని ముందుగా వేడిచేసి పోస్తే మరుగు ఆగదు, అది ఇంకా మంచిది.

పోశాక ఫ్లాస్కు మీద నుంచి కళ్లు తిప్పకండి, ఎందుకంటే ఈ చర్య తన పరిస్థితిని రంగులోనే చెబుతుంది. మొదట లేత పసుపు పోయి ద్రావణం రంగు లేనిదవుతుంది. మూడు ధనావేశాల బంగారం ఒక ధనావేశం ఉన్న స్థితికి దిగిందని దాని అర్థం. తరవాత నీలం కలిసిన బూడిద ఛాయ, దాని వెంట సిరా లాంటి ముదురు నీలం, ఊదా, చివరికి కెంపు ఎరుపు వస్తాయి. ఈ మార్పంతా కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. మధ్యలో ముదురు నీలం చూసి చర్య చెడిపోయిందని కంగారుపడి వేడి ఆపేసేవాళ్లు ఉన్నారు. ఆ దశ తప్పనిసరిగా వస్తుంది, దాన్ని దాటనివ్వాలి. ఎరుపు నిలిచాక మరో పది పదిహేను నిమిషాలు మరిగించి, వేడి తీసేసి, గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా కలుపుతూనే ఉంచాలి. మీ రెండో ప్రయత్నంలో ఊదా దగ్గరే ఆగిపోవడానికి రెండు అవకాశాలున్నాయి. సిట్రేట్ తగ్గినందువల్లనో ఉష్ణోగ్రత చాలనందువల్లనో పెద్ద కణాలు, ఆకారం సరిగా లేని కణాలు వచ్చి ఉండాలి, లేదా సరైన కణాలే వచ్చి ఆ వెంటనే ముద్దకట్టి ఉండాలి. రెంటినీ వేరుచేసే ఉపాయం వర్ణపటంలో, అంటే ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుంటుందో చూపే గీతలో, ఉంది, దాని గురించి కింద రాస్తాను.

వరసను తిరగేసి, మరుగుతున్న సిట్రేట్‌లో కొద్దిపాటి గాఢ బంగారు ద్రావణాన్ని పోసే పద్ధతి కూడా ఉంది. అక్కడ సిట్రేట్ అప్పటికే వేడెక్కి కొంత భాగం ఎసిటోన్ డైకార్బాక్సిలేట్‌గా ఆక్సీకరణ చెంది ఉండడం వల్ల క్షయకరణ త్వరగా జరుగుతుంది, పీహెచ్ కూడా మొదటి నుంచీ స్థిరంగా ఉంటుంది. చిన్నవి, పరిమాణంలో ఎక్కువ ఏకరూపత ఉన్నవి కావాలంటే నేను ఈ వరసనే ఎంచుకుంటాను. మీకు 30 నానోమీటర్లు దాటిన కణాలు కావాలంటే సిట్రేట్‌ను తగ్గించే దారి కంటే, ముందు చిన్న బీజాలు తయారుచేసి వాటి మీద మరికొంత బంగారాన్ని దశలవారీగా పెంచే దారి మేలు. సిట్రేట్ తక్కువైన ద్రావణంలో పుట్టిన పెద్ద కణాలు గోళాలుగా కాక కోలగా, కోణాలుగా ఉంటాయి, వాటి పరిమాణాల వ్యాప్తి కూడా ఎక్కువ.

గాజుసామాను విషయానికి వస్తే, దీని మీద నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. గోడకు అంటుకున్న పాత బంగారు పొర కంటికి కనిపించకపోయినా కొత్త పరమాణువులకు అదే సిద్ధంగా ఉన్న బీజం అవుతుంది. అంట్లు తోమే సబ్బు జాడ, వేలిముద్రలోని లవణం, గీతలుపడిన టెఫ్లాన్ స్టిర్ బార్ (ద్రావణాన్ని కలిపే చిన్న అయస్కాంతపు కడ్డీ) సందుల్లో దాగిన లోహం కూడా ఇదే రకం హాని చేస్తాయి. బంగారానికి వాడే ఫ్లాస్కును, స్టిర్ బార్‌ను ఆక్వా రీజియాతో కడగాలి. అది 3 భాగాల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1 భాగం గాఢ నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం. దాన్ని విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో, ముఖకవచం, ఆమ్లాలకు తట్టుకునే తొడుగులు వేసుకుని, అవసరమైనంత మాత్రమే అప్పటికప్పుడు కలుపుకోవాలి. దాన్నుంచి క్లోరిన్, నైట్రోసిల్ క్లోరైడ్ వాయువులు నిరంతరం వెలువడతాయి కాబట్టి మూత బిగించిన సీసాలో నిలవ ఉంచితే సీసా పేలుతుంది. ఎసిటోన్‌తో కడిగి ఆరని ఫ్లాస్కులో పోసినా ప్రమాదమే, సేంద్రియ ద్రావణి ఏదీ దాని దరిదాపులకు రాకూడదు. ఆ తరవాత అత్యంత శుద్ధమైన నీటితో, అంటే 18.2 మెగాఓమ్ సెంటీమీటరు నిరోధకత ఉన్న నీటితో, ఆమ్లం జాడ లేకుండా పదేపదే కడగాలి. క్లోరోఆరిక్ ఆమ్లపు స్ఫటికాలను స్టీలు గరిటెతో తీయకండి. అవి ఉక్కును తింటాయి, గరిటె మీదే బంగారం దిగుతుంది. ఆ స్ఫటికాలు గాలిలోని తేమను కూడా వేగంగా పీల్చుకుంటాయి, అందుకని చిన్న సీసా కొని మొత్తాన్నీ ఒకేసారి నీటిలో కరిగించి, గాఢమైన స్టాక్‌గా చీకటిలో, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాచుకోవడం తెలివైన పని. తేమ పట్టిన పొడిని ప్రతిసారీ తూచేవారికి గాఢత ఏ రెండుసార్లూ ఒకటి కాదు.

వెండి ఇంకొక లోకం. బోరోహైడ్రైడ్ చాలా బలమైన క్షయకరణి కాబట్టి మరిగించాల్సిన పని లేదు, పైగా చల్లగా ఉంచాలి. మామూలుగా చేసేది ఇది: 2 మిల్లీమోలార్ సోడియం బోరోహైడ్రైడ్ 30 మిల్లీలీటర్లను మంచునీటి తొట్టిలో చల్లబరిచి, కలుపుతూ, 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ 10 మిల్లీలీటర్లను సెకనుకు ఒక బొట్టు చొప్పున వెయ్యాలి. ఈ కొలతల్లో వెండి ప్రతి 1 మోలుకు బోరోహైడ్రైడ్ 6 మోల్స్ ఉంటుంది. ఆ అదనపు బోరోహైడ్రైడ్ వృథా కాదు. సుమారు 12 నానోమీటర్ల కణాలను చుట్టి, వాటిని ఒకదానికొకటి దూరంగా ఉంచేది అదే. మీ వెండి బూడిదరంగుకు తిరగడానికి మొదటి అనుమానం ఇక్కడే పుడుతుంది. బోరోహైడ్రైడ్ నీటిలో నిలకడగా ఉండదు, హైడ్రోజన్‌ను వదులుతూ బోరేట్‌గా మారిపోతుంది. పొద్దున కలిపి మధ్యాహ్నం వాడిన ద్రావణంలో, సీసా మీద రాసుకున్న గాఢతలో ఎంత మిగిలిందో చెప్పలేం. అందుకే పొడిని తూచి, మంచులాంటి చల్లని నీటిలో కరిగించి, నిమిషాల్లో వాడేయాలి. హైడ్రోజన్ వస్తుంది కనుక మూత బిగించకూడదు. ఆ పొడిని గాని ద్రావణాన్ని గాని ఆమ్లంతో కలపకూడదు.

రెండో అనుమానం స్టిర్రర్ మీద. సిల్వర్ నైట్రేట్ మొత్తం వేయడం పూర్తికాగానే కలపడం ఆపి, స్టిర్ బార్‌ను బయటికి తీసేయాలి. ఈ పద్ధతిలో ఆ తరవాత కూడా కలుపుతూ ఉంటే పసుపు ముదిరి, ఊదా అయి, బూడిదరంగులో ముద్దకడుతుంది. బంగారానికి చల్లారేదాకా కలపమని చెప్పి వెండికి వెంటనే ఆపమంటున్నానని వింతగా అనిపించవచ్చు. కానీ సిట్రేట్ పూత ఉన్న బంగారం కంటే, తరిగిపోయే బోరోహైడ్రైడ్ మీదే ఆధారపడిన వెండి చాలా బలహీనమైన స్థితిలో ఉంటుంది. ఎక్కువ రోజులు నిలవాలంటే చర్య పూర్తయ్యాక పాలీవినైల్ పైరోలిడోన్ ద్రావణం కొద్దిగా కలపండి, ఆ పాలిమర్ గొలుసులు కణాల మధ్య అడ్డుగోడగా నిలుస్తాయి.

మూడోది క్లోరైడ్. నీటిలో కొద్దిపాటి క్లోరైడ్ ఉన్నా వెండి అయాన్లు క్షయకరణకు ముందే సిల్వర్ క్లోరైడ్‌గా మారి తెల్లటి మసకగా కనిపిస్తాయి. ఆక్వా రీజియాతో కడిగి సరిగా జాడించని ఫ్లాస్కును వెండికి వాడితే అదే గతి. వెండి తయారుచేసే ఫ్లాస్కులను వేరుగా పెట్టుకుని నైట్రిక్ ఆమ్లంతో శుభ్రం చేసుకోండి. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌తో, గ్లూకోజ్ లాంటి మృదువైన క్షయకరణితో చేసే పద్ధతిని ఎంచుకుంటే ఒక హెచ్చరిక తప్పక వినాలి: ఆ అమ్మోనియా ద్రావణాన్ని ఎన్నడూ నిలవ ఉంచకూడదు. అది ఆరినా, పాతబడినా తాకితేనే పేలే సిల్వర్ నైట్రైడ్ ఏర్పడవచ్చు.

కణాలు ఎందుకు ముద్దకడతాయన్నది విడిగా చెప్పుకోవలసిన విషయం. రెండు లోహ కణాలు దగ్గరైతే వాండర్‌వాల్స్ ఆకర్షణ వాటిని లాగుతుంది, సిట్రేట్ ఇచ్చిన రుణావేశం వాటిని నెడుతుంది. ఈ రెండు బలాల లెక్కను 1940లలో డెర్యాగిన్, లాండౌ ఒకవైపు, ఫెర్వే, ఓవర్‌బీక్ మరోవైపు రూపొందించారు. లవణం కలిపితే ఆవేశాల చుట్టూ ఉన్న అయాన్ల పొర పలచబడి నెట్టే బలం చేరే దూరం తగ్గుతుంది, ఆకర్షణ గెలుస్తుంది. మీ బంగారు ద్రావణంలో కొద్దిగా తీసి సోడియం క్లోరైడ్ ద్రావణం కలిపి చూడండి. క్షణాల్లో ఎరుపు నీలంగా మారుతుంది. అది మంచి సిట్రేట్ కణాలు ఉన్నాయనడానికి గుర్తే, కానీ లవణాలు ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో వాటిని నేరుగా వేయకూడదన్న హెచ్చరిక కూడా. ఫ్రీజర్‌లో పెడితే నీరు గడ్డకట్టేటప్పుడు కణాలనూ లవణాలనూ మిగిలిన కొద్దిపాటి ద్రవంలోకి నెట్టేస్తుంది, కరిగించాక నల్లటి మడ్డి తప్ప ఏమీ మిగలదు. సెంట్రిఫ్యూజ్‌లో 13 నానోమీటర్ల బంగారాన్ని దించడానికి గురుత్వానికి 12,000 నుంచి 15,000 రెట్ల బలం పడుతుంది. అలా దించిన అడుగును వట్టి నీటితో రెండు మూడుసార్లు కడిగితే పూతగా ఉన్న సిట్రేటే పోతుంది, కాబట్టి పలచని సిట్రేట్ ద్రావణంతో కడగడం మేలు.

పరిమాణాన్ని దేనితో నమ్మాలన్న ప్రశ్నకు నా జవాబు: ముందు వర్ణపటం, తరవాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, డీఎల్ఎస్‌ను మాత్రం దాని పరిధిలోనే నమ్మండి. ఈ రంగులకు కారణం కణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగడం, దాని గణితాన్ని 1908లో గుస్తావ్ మీ రాశాడు. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1857లో, మైకేల్ ఫారడే బంగారు లవణాన్ని భాస్వరంతో క్షయకరించి కెంపురంగు ద్రవాలు తయారుచేసి, ఆ రంగు అతి సూక్ష్మమైన లోహకణాలదేనని వాదించాడు. ఆయన సీసాలు కొన్ని లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 13 నానోమీటర్ల బంగారానికి శోషణ శిఖరం 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టూ, 40 నానోమీటర్ల వాటికి 530 దగ్గర, 100 నానోమీటర్ల వాటికి 570 దగ్గర ఉంటుంది. చిన్న వెండి కణాలకు 390 నుంచి 400 దగ్గర ఉంటుంది. ఇక్కడే పైన చెప్పిన ఉపాయం పనికొస్తుంది. శిఖరం మొత్తంగా కొద్దిగా కుడివైపుకు జరిగి, ఆకారం చెడకుండా ఉంటే కణాలు పెద్దవయ్యాయని అర్థం. 520 దగ్గరి శిఖరం చోటు మారకుండా, 600 నుంచి 700 మధ్య కొత్తగా భుజంలాంటి ఉబ్బు వస్తే సరైన కణాలే ముద్దకట్టాయని అర్థం. మీ ఊదా ద్రావణాన్ని పారబోయకుండా ఉంటే వెంటనే ఈ కొలత తీయండి.

దిగుబడిని కూడా వర్ణపటంతోనే సరిచూసుకోవచ్చు. పై పద్ధతిలో బంగారమంతా 13 నానోమీటర్ల కణాలుగా మారితే, 110 మిల్లీలీటర్లలో కణాల గాఢత సుమారు 13 నానోమోలార్ అవుతుంది. ఈ పరిమాణపు కణాల మోలార్ శోషణ గుణకం, మోలార్‌కు సెంటీమీటరుకు, దాదాపు 27 కోట్లు. అంటే కొలతకు వాడే 1 సెంటీమీటరు చిన్న పాత్ర, క్యువెట్‌లో శోషణ 3.6 చుట్టూ రావాలి. అంత ఎక్కువ విలువను చాలా యంత్రాలు సరిగా చదవవు, 10 రెట్లు పలుచన చేసి 0.36 దగ్గర వస్తుందేమో చూడండి. అందులో సగమే వస్తే మిగిలిన బంగారం క్షయకరణ చెందకుండానన్నా ఉండాలి, గోడకన్నా అంటుకుని ఉండాలి.

డీఎల్ఎస్ కణాన్ని చూడదు, నీటిలో అది కదిలే తీరును చూస్తుంది. అందువల్ల పూత, దాని చుట్టూ అంటిపెట్టుకుని కదిలే నీటి పొర కూడా వ్యాసంలో చేరిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, పరిక్షేపణ చెందే కాంతి వ్యాసానికి 6వ ఘాతంలో పెరుగుతుంది. 100 నానోమీటర్ల ఒక్క ముద్ద 10 నానోమీటర్ల కణాలు 10 లక్షలతో సమానంగా మెరుస్తుంది. దుమ్ము రేణువు ఒకటి చాలు సగటు తారుమారు కావడానికి. కాబట్టి మీకు డీఎల్ఎస్ పెద్ద అంకె చూపడంలో వింతేమీ లేదు. మైక్రోస్కోపుదీ పూర్తి సత్యం కాదు, నమూనాను పరిచే చిన్న జాలీ, అంటే గ్రిడ్ మీద ఆరేటప్పుడు కణాలు ఒకచోటికి చేరి ముద్దల్లా కనిపిస్తాయి. అందంగా ఉన్న ఒక్క చిత్రం కాకుండా, వేరువేరు చోట్ల నుంచి కనీసం 200 కణాలైనా కొలిచి సగటుతో పాటు వ్యాప్తిని కూడా రాయండి.

మిగతా లోహాల గురించి మీరు అడిగినదానికి కొద్దిగానే చెబుతాను. క్షయకరణ పొటెన్షియల్, అంటే అయాను ఎలక్ట్రాన్లను ఎంత సులువుగా తీసుకుంటుందో చెప్పే అంకె, చూస్తే సగం సంగతి తెలుస్తుంది. బంగారు క్లోరైడ్‌కు దాదాపు 1.0 వోల్టు, వెండికి 0.80, రాగికి 0.34, ఇనుముకు రుణాత్మకంగా 0.44. కింది వరసకు దిగేకొద్దీ బలమైన క్షయకరణి కావాలి, తయారైన కణం తిరిగి ఆక్సీకరణ చెందడమూ అంతే సులువు. రాగిని నత్రజని వాయువు కింద చేయకపోయినా, పూత సరిగా వేయకపోయినా ఇటుకరంగు కాస్తా ఆకుపచ్చ, నలుపుల్లోకి జారిపోతుంది. ఇనుము నానోకణాలను పొడిగా ఆరబెట్టి గాలి తగలనిస్తే వాటంతట అవే అంటుకుంటాయి. మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. 5 నానోమీటర్ల లోపు బంగారం, అది కూడా సేంద్రియ ద్రావణిలో కావాలంటే 1994లో బ్రస్ట్, షిఫ్రిన్ బృందం ఇచ్చిన రెండు పొరల పద్ధతి ఉంది. బంగారాన్ని టొలుయిన్‌లోకి దాటించి, థయాల్ (గంధకం ఉన్న సేంద్రియ పదార్థం) సమక్షంలో బోరోహైడ్రైడ్‌తో క్షయకరించడం దాని సారం. గంధకం బంగారాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే ఆ కణాలను ఆరబెట్టి పొడిగా దాచుకుని, మళ్లీ కరిగించుకోవచ్చు. వెండి ఘనాలు కావాలంటే ఇథిలీన్ గ్లైకాల్‌నే ద్రావణిగానూ క్షయకరణిగానూ వాడే పాలియాల్ పద్ధతికి వెళ్లాలి.

కడ్డీల ఆకారపు బంగారం మీద మీకు ఆసక్తి ఉందన్నారు. దానికి సబ్బు లాంటి సీటాబ్ అనే సర్ఫెక్టెంట్‌లో, చిన్న బీజాల మీద, ఆస్కార్బిక్ ఆమ్లంతో పెంచే పద్ధతి ఉంది. కొద్దిగా సిల్వర్ నైట్రేట్ వేస్తేనే పొడవైన ఆకారం అదుపులో ఉంటుంది. ఒకే సీటాబ్, కంపెనీ మారగానే కడ్డీలకు బదులు గోళాలు రావడం చాలామందిని ఏళ్ల తరబడి వేధించింది. ఆ పొడిలో అతి స్వల్పంగా కలిసే అయొడైడే కారణమని 2009లో వెలువడిన పరిశోధనలు చూపాయి. రసాయనం డబ్బా మీది శుద్ధత శాతం ఈ రంగంలో పూర్తి భరోసా కాదు. ఏ డబ్బా, ఏ బ్యాచ్ సంఖ్య వాడారో నోటుపుస్తకంలో రాసుకోండి. గది చల్లగా ఉండి 25 డిగ్రీల కిందికి పోతే సీటాబ్ స్ఫటికాలు కట్టి అడుగుకు దిగుతుందన్నది కూడా గమనించండి.

ఆకుల కషాయంతో వెండి చేస్తే తేలికకదా అన్న మీ ప్రశ్నకు నేను ఉత్సాహంగా అవునని చెప్పలేను. పని జరుగుతుంది, అందులో సందేహం లేదు, ఫీనాల్‌లు, చక్కెరలు వెండిని క్షయకరించగలవు. కానీ కషాయంలో ఏది ఎంత ఉందో తెలియనప్పుడు పైన చెప్పిన బీజాల సంఖ్యను అదుపు చేయడానికి మన చేతిలో ఏదీ ఉండదు. పైగా మొక్కల్లో క్లోరైడ్ ఉంటుంది. రాగి లక్ష్యంతో తీసే సాధారణ ఎక్స్‌-రే వివర్తన చిత్రంలో వెండికి 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర శిఖరాలుంటాయి. వాటితో పాటు 27.8, 32.2, 46.2 దగ్గర కూడా కనిపిస్తే అది సిల్వర్ క్లోరైడ్. ఈ శిఖరాలకు పేరు పెట్టకుండా వదిలేసిన చిత్రాలు ప్రచురణల్లో కావలసినన్ని కనిపిస్తాయి. మీరు ఆ దారిలో వెళ్లినా ఆ మూడు చోట్లా ముందు చూసుకోండి.

వెండి అయాన్లు నీటిలోని జీవులకు విషం కాబట్టి మిగిలిన ద్రావణాలను, కడిగిన తొలి నీళ్లను కాలువలో పోయకుండా లోహ వ్యర్థాల సీసాలో చేర్చండి. బోరోహైడ్రైడ్ మిగిలి ఉంటే ఆ సీసా మూత వదులుగా ఉంచి, హైడ్రోజన్ పూర్తిగా పోయాకే బిగించండి. దాన్ని ఆమ్ల వ్యర్థాలతో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. బంగారాన్ని విడిగా దాచితే తరవాత తిరిగి రాబట్టుకోవచ్చు.

మీ బంగారం సంగతి తేల్చడానికి మళ్లీ మొదటి నుంచి అన్నీ మార్చనక్కర్లేదు. ఒకే బంగారు స్టాక్, అదే రోజు తూచిన ఒకే సిట్రేట్ తీసుకుని మూడు ఫ్లాస్కులు పెట్టండి. మొదటిది ఆక్వా రీజియాతో కడిగి, సిట్రేట్ ఒక్క ఊపున పోసినది. రెండోది అలాగే కడిగి, సిట్రేట్ నిదానంగా పోసినది. మూడోది మీరు ఇప్పటిదాకా కడుగుతున్న తీరులోనే కడిగి, ఒక్క ఊపున పోసినది. మూడింటి వర్ణపటాలను 400 నుంచి 800 నానోమీటర్ల దాకా తీసి, ఒకే పటం మీద గీయండి. మొదటిది మాత్రమే 520 దగ్గర సన్నని శిఖరం ఇచ్చి, మూడోదానికి 600 దాటాక ఉబ్బు వస్తే లోపం కడగడంలో ఉంది. రెండోదాని శిఖరం వెడల్పై కుడికి జరిగితే పోయడంలో ఉంది. మూడూ ఒకేలా ఊదాగా వస్తే నీటినీ బంగారు స్టాక్‌నూ అనుమానించి, ఆ మూడు వర్ణపటాలూ, స్టాక్ ఎప్పుడు చేసినదీ, నీటి నిరోధకత ఎంతో రాయండి. అప్పుడు తరవాతి మాట చెప్పగలను.